గుండ్రటి మూతి షెవర్లే, బల్ల మీద మిగిలిపోయిన రేకు

1974. మల్కాపురంలో రోడ్డు వారనే నా షెడ్డు. నేను టింకరింగ్ మేస్త్రీని, అంటే బండి సొట్టలు తీసి రేకు సాపు చేసేవాణ్ణి. అవసరమైతే ఇంజిన్ మార్చి బిగించేవాణ్ణి కూడా. రిఫైనరీ కట్టే రోజుల్లో దొరలు తెచ్చుకున్న అమెరికా పికప్ బండ్లు, పని అయ్యాక వేలంలో మనవాళ్ళ చేతికొచ్చాయి. ముందు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనక పైకప్పు లేని తొట్టి. ఐసు, చేపలు, కూరగాయలు, పెళ్ళివారు, అన్నీ ఆ తొట్టిలోనే.

వాటిల్లో ఏది అందమైనదని పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. డాడ్జ్‌ది మిలటరీ వాటం, మడ్‌గార్డులు బల్లపరుపుగా, మొండిగా ఉండేవి. ఫోర్డ్ గ్రిల్లు పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నట్టుండేది. నా ప్రాణం మాత్రం యాభైల మొదట్లో వచ్చిన షెవర్లే. అయిదు అడ్డపట్టీల గ్రిల్లు, మడ్‌గార్డులోనే ఇమిడిపోయిన హెడ్‌లైట్లు, క్యాబిన్ వెనక మూలల్లో రెండు వంపు అద్దాలు. బానెట్ మీద చెయ్యి వేసి జారిస్తే ఎక్కడా అంచు తగలదు. ఆ రేకు వంచిన మహానుభావుడు ఎవడో గానీ, కనిపిస్తే దండం పెట్టేవాణ్ణి.

సబ్బవరం నుంచి పట్నానికి కూరగాయలు తోలే అప్పల్నాయుడు అలాంటి షెవర్లేనే తెచ్చాడు. ఎడమవైపు స్టీరింగు. పెట్రోలు ధర మండిపోతోంది కాబట్టి డీజిల్ ఇంజిన్ పెట్టమన్నాడు. డీజిల్‌కి పెద్ద రేడియేటర్ కావాలి, ముందు చోటు చాలదు. అందరూ ఏం చేస్తారంటే, గ్రిల్లు కోసి నాలుగంగుళాలు ముందుకి లాగి అతుకేస్తారు. గుండ్రటి మూతి కాస్తా పంది మూతి అయిపోతుంది. నాకు ఒళ్ళు మండింది. గ్రిల్లు జోలికి పోను, ఇంజిన్నే వెనక్కి జరుపుతానన్నాను. అలా జరపాలంటే ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కీ డ్రైవరు కాళ్ళకీ మధ్య ఉండే రేకు గోడ, తొలచాలి.

అప్పల్నాయుడు అంతా విని, "నీ ఇష్టం బావా. నాకు బండి తిరిగితే సాలు" అన్నాడు. తిరిగితే చాలన్నవాడికి అందం అంటగట్టింది నేనే.

ఇంజిన్ వెనక్కి జరిగేసరికి సైలెన్సర్ పైపు బ్రేక్ పైపుకి రెండు వేళ్ళ దూరంలోకి వచ్చింది. బ్రేక్ ఆయిల్ ఆ వేడికి మరిగితే ఆవిరవుతుంది. అప్పుడు పెడల్ తొక్కితే గాలిని తొక్కినట్టే, నేలకి దిగిపోతుంది. దాన్నే వేపర్ లాక్ అంటారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ రెంటికీ మధ్య పెట్టడానికి రేకు మీద ఆస్‌బెస్టాస్ అట్ట అంటించి అడ్డుపలక చేశాను, బోల్టులు కూడా బిగించాను. ఆఖరి రోజు ఎడమ మడ్‌గార్డు రంగులో వెంట్రుకంత గీత కనిపించింది. పెయింటర్ గఫూర్ భాయ్, "వదిలెయ్ భాయ్, ఎవడు సూత్తాడు" అన్నాడు. నేను వింటానా! మడ్‌గార్డు ఊడదీశాను. పలక అడ్డొస్తే దాన్నీ తీశాను. గీత పోయింది, మడ్‌గార్డు మళ్ళీ బిగించాను.

మర్నాడు పొద్దున్నే అప్పల్నాయుడి ఇంటిల్లిపాదీ బస్సు దిగారు. తల్లి, పెళ్ళాం, పిల్లలు, బంధువులు కలిపి పదకొండు మంది. సింహాచలం కొండ మీద వాహన పూజ చేయించి, అటు నుంచి అటే సబ్బవరం వెళ్ళాలని వాళ్ళ ఏర్పాటు. అప్పల్నాయుడు స్టీరింగు పట్టాడు, మిగతా అందరూ తొట్టిలో ఎక్కారు. ఎండలో ఆ మూతి మెరుస్తూ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

గంట తర్వాత బల్ల సర్దుతుంటే గుడ్డ కింద అడ్డుపలక కనిపించింది. పక్కనే రెండు బోల్టులు.

గఫూర్ భాయ్‌ని కేకేశాను. కొండ ఎక్కేటప్పుడు లోడు మీద సైలెన్సర్ పైపు ఎర్రగా కాగుతుంది. దిగేటప్పుడు బ్రేకు కావాలి, అప్పటికి ఆయిల్ మరిగి ఉంటుంది. గఫూర్ భాయ్ స్కూటర్ తీశాడు. నేను పలక సంచిలో వేసుకుని వెనక కూర్చున్నాను. దారిపొడుగునా ఎదురొచ్చే ప్రతి బండీ ఆ షెవర్లేలాగే కనిపించింది. ఎక్కడైనా జనం గుమిగూడితే కళ్ళు మూసుకున్నాను. వాళ్ళు ఇంకా దిగకూడదని అప్పన్న స్వామికి ఎన్ని మొక్కులు మొక్కానో నాకే గుర్తులేదు.

బండి ఇంకా కొండ పైనే ఉంది. మెడలో బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. పది మంది చుట్టూ చేరి గ్రిల్లు నిమురుతున్నారు. నన్ను చూసి అప్పల్నాయుడు, ఆ మూతి కోయకుండా నిలబెట్టిన మేస్త్రీ ఇతనేనని అందరికీ చెప్పాడు. సిగ్గులేని నోరు, దర్శనానికొచ్చానని అబద్ధమాడింది. ఓసారి చూస్తానని బండి కిందికి దూరి బ్రేక్ పైపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. చల్లారడానికి గంట పడుతుంది. ఈలోగా వాళ్ళు తొట్టిలో ఎక్కేస్తున్నారు. పిల్లల్ని అందించుకుంటున్నారు.

ఇక దాచలేకపోయాను. అప్పల్నాయుణ్ణి పక్కకి పిలిచి, సంచిలోంచి పలక తీసి చూపించి మొత్తం చెప్పాను. రంగు గీత సంగతితో సహా.

అతను పలక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది లేకపోతే ఏటవుద్ది?"

"దిగువలో బ్రేకు పడదు."

తిడతాడనుకున్నాను. కొడితే పడదామనుకున్నాను. అతను పలక నా చేతిలో పెట్టేశాడు. వెళ్ళి ఇంటివాళ్ళందరినీ దింపేసి మెట్ల దారిన కిందికి పంపేశాడు. నేను బకెట్లతో నీళ్ళు పోసి పైపు చల్లార్చి, పలక బిగించి, పెడల్ గట్టిపడేదాకా తొక్కాను. అయిపోయిందన్నాను.

"అయిపోనాదా?" అని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "అయితే నువ్వూ ఎక్కు, మేస్త్రీ."

బావా అనలేదు. ఎక్కాను.

ఫస్ట్ గేర్లో దిగాం. నా చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీంచి తియ్యలేదు. రెండో మలుపులో పెడల్ సగం దాకా దిగింది. పాత ఆయిల్లో ఆవిరి ఇంకా మిగిలే ఉంది. అతను రెండుసార్లు గబగబా తొక్కాడు, బ్రేకు పట్టింది. అద్దంలోంచి ఎదురుగా ఆ అందమైన బానెట్ కనిపిస్తూనే ఉంది, దానివైపు చూడబుద్ధి కాలేదు.

కింద మెట్ల దగ్గర వాళ్ళమ్మ కూర్చుని ఉంది. మోకాళ్ళు రాసుకుంటూ లేచి, ఆకులో కట్టిన పులిహోర నా చేతిలో పెట్టింది. "మొదటి దిగువ ఉత్తి బండే దిగాలని నువ్వు సెప్పినావంట కదా బాబూ. మా మంచి కోరి ఇంత దూరం వొచ్చినావు. సల్లగుండు" అంది. నేను అప్పల్నాయుడి వైపు చూశాను. అతను చక్రానికి అంటుకుని వచ్చిన నిమ్మచెక్క తీసి పారేస్తూ అటు తిరిగాడు.

సాయంత్రమే బండి వెనక్కి తెప్పించి, సైలెన్సర్ పైపు మార్గమే మార్చి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి ఇచ్చాను. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళ పైనే షెడ్డు నడిపాను. ఏ బండి తయారైనా మొదటి దిగువకి నేను పక్క సీట్లో ఎక్కితేనే తాళం ఇచ్చేవాణ్ణి, ఇంటివాళ్ళను ఎక్కించనిచ్చేవాణ్ణి కాదు. అది ఈ మేస్త్రీ సెంటిమెంటని మల్కాపురమంతా చెప్పుకునేది. సెంటిమెంటు కాదు, భయం. ఆ పులిహోర నేను తినలేకపోయాను.