ముందు తన మెడ మీదే

మా స్కానింగ్ డాక్టరమ్మ గారు పోయారు. మొన్న ఖమ్మం నుంచి వాళ్ల తమ్ముడు దవాఖానా ఫోనుకు చేసి, "అక్క పోయింది సిస్టర్" అన్నాడు. రావలసిన కబురే అని తెలిసినా, వార్డు బెంచీ మీద కూలబడ్డాను.

భద్రాచలంలో మా చిన్న మిషన్ దవాఖానాలో నేను నర్సుని. ఆమె పక్కన నిలబడే పని నాది. అడవి ఊళ్ల తల్లులు మెడ మీద గడ్డలున్న పిల్లల్ని తెచ్చేవాళ్లు. గడ్డకు ఆకు పసరు పూసి, మెడకు మంత్రించిన దారం కట్టి ఉండేది. దారం తెగితే గడ్డ పెరుగుతుందని వాళ్ల భయం. వేరేవాళ్లయితే కత్తెర అడిగేవాళ్లు. ఈమె మాత్రం "తెంపనమ్మా, జరుపుతనంతే" అంటూ దారాన్ని వేలితో ఎత్తిపట్టుకుని కింద నుంచి స్కాన్ చేసేవారు.

పిల్లలు స్కానింగ్ మిషన్ చూసి గుక్కపట్టేవాళ్లు. అందుకని ముందు తన మెడ మీదే జెల్లు రాసుకుని మిషన్ పిడి పెట్టుకునేవారు. "చూడు, నాకూ ఉన్నయ్ గడ్డలు. అందరికీ ఉంటయ్." తెర మీద చిక్కుడు గింజలా కోలగా ఓ గడ్డ, మధ్యలో తెల్లటి గీత కనబడేవి. అలా ఉంటే చాలావరకు భయం లేదు. గుండ్రంగా ఉండి గీత లేకపోతే, సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపేవారు. తల్లులేమో మిషన్ పెడితేనే గడ్డ కరుగుతుందనుకుని, "ఇంకోపాలి పెట్టు డాక్టరమ్మా" అని బతిమాలేవాళ్లు.

"ఇది కరగబెట్టేది కాదు తల్లీ, చూసేది," అని నవ్వేవారు. వినీ వినీ నాకు విసుగు కూడా పుట్టేది.

పోయినేడు వానల్లో ఓ పాప వచ్చింది. గడ్డ ఎడమ పక్కన. డాక్టరమ్మ అలవాటుగా తన కుడి పక్క పెట్టుకుంటే పాప ఒప్పుకోలేదు.

"నాకు ఇటు పక్క. నువ్వు గూడ ఇటే పెట్టుకో."

"అవ్ గదా!" అని ఎడమ పక్క పెట్టుకున్నారు. చెయ్యి మెడ కిందికి జారింది. తెర మీద గుండ్రంగా, నల్లగా ఒక గడ్డ. గీత లేదు.

ఆమె చెయ్యి ఆగింది. పాప మాత్రం సంబరంగా, "నీకూ ఉంది!" అంది.

"నాకూ ఉంది బిడ్డా. ఇగ నీది చూద్దాం," అన్నారు, గొంతు మారకుండా.

పాపది చిక్కుడు గింజే. "తలల పుండ్లకు వచ్చిన గడ్డ. పుండ్లు మానితే తగ్గుతది. తగ్గకుంటే మళ్ల తీసుకరా," అని తల్లికి రెండుసార్లు చెప్పి పంపారు.

వాళ్లు వెళ్లాక తలుపు వేయమని, మళ్లీ చూసుకున్నారు. నేను ఏడుపు ఆపుకోలేక, "ఇంకోసారి పెట్టి చూడండి డాక్టరమ్మా" అన్నాను.

"ఎన్నిసార్లు పెట్టినా కరగదు సిస్టర్. ఇది చూసేది."

సూది పరీక్షలోనూ క్యాన్సరనే తేలింది. ఆ వారమంతా చర్చిలో దేవుడితో పోట్లాడాను. ఆమె మాత్రం ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ గదికి వస్తూనే ఉన్నారు. పిల్లలకు మళ్లీ కుడి పక్కే చూపించారు.

నిన్న సమాధి దగ్గర అందరూ పాట పాడుతుంటే నాకు ఆ పాపే కళ్లలో మెదిలింది. పిల్లల మెడ మీది జెల్లు డాక్టరమ్మ తన మెత్తటి నూలు తువ్వాలుతో తనే తుడిచేవారు. ఆ రోజు పాప వెళ్తూ వెళ్తూ ఆ తువ్వాలు అందుకుంది. మంచం మీద మోకాళ్లపై లేచి, డాక్టరమ్మ ఎడమ పక్క జెల్లు మెల్లగా తుడిచింది. ఆమె కళ్లు మూసుకుని, పాపకు అందేలా మెడ వంచి కూర్చున్నారు.