అవ్వ ఉంటది

దయ్యాల మాటెత్తితే నాకు ముందు నవ్వొచ్చేది, ఆ తర్వాత విసుగొచ్చేది. ముప్పై ఏళ్ళు మంత్రసాని ఉద్యోగం చేశాను. పుట్టిన బిడ్డకు నీళ్ళు పోసిన చేతులతోనే పోయిన తల్లి కళ్ళు మూసిన రోజులున్నాయి. దయ్యాలంటూ ఉంటే ముందు నన్నే పలకరించాలి కదా అనేదాన్ని. ఇప్పటికీ వాటిని నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నన్ను జమ్మికుంట ఆసుపత్రికి వేశారు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అప్పటికి నా భర్త పోయి ఏడాదయింది. నాలుగేళ్ళ కూతురు సరోజ మా బావగారింట్లో ఉంది. ఆయన నా భర్తకు అన్న. మంచివాడే, కానీ పట్టిన పట్టు విడవడు. "తలుపూ తాళం ఉన్న ఇల్లు, ఆ ఇంట్లో ఒక పెద్ద దిక్కు. ఈ రెండూ ఉంటే పిల్లను తెచ్చి దింపుతాను. లేదంటే ఇక్కడే పెరుగుతుంది" అన్నాడు.

మావాళ్ళు నన్ను ఓడెక్కి పరాయి దేశం పోతున్న మనిషిని పంపినట్టు సాగనంపారు. దిగాక నాకూ అలాగే అనిపించింది. మాట్లాడేది తెలుగే, సగం అర్థం కాదు. ఇల్లు అద్దెకు ఉందా అంటే ఎగాదిగా చూసేవారు. కిరాయి అనాలని తెలియడానికి మూడు రోజులు పట్టింది.

తెలిశాక ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒంటరి ఆడది, పైగా పురుళ్ళు పోసే మనిషి, రోజూ ఏదో ఒక మైల ఇంటికి మోసుకొస్తుందని భయం. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నా విషయంలో ఇల్లాలిని చూశాక ఇల్లు ఖాళీ లేదనేవారు. నెల రోజులు ఆసుపత్రిలో మందుల పెట్టెల మధ్య చాప పరుచుకుని పడుకున్నాను. సరోజ గుర్తొచ్చి ఏడ్చిన రోజులు లెక్కలేదు.

అప్పుడు ఓదెలు వచ్చాడు. మార్కెట్టుకు పత్తి బండ్లు తోలే మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. నేను ఇంటికోసం తిరుగుతున్నానని విని తనంతట తానే ఆసుపత్రికి వచ్చాడు. మైల సంగతి దాచకుండా ముందే చెప్పాను.

"పురుడు పోసే చెయ్యికి అంటుముట్టేంది నర్సమ్మా? నువ్వు రా, ఇల్లు చూసుకో" అన్నాడు.

మొదటి మాటకే నువ్వు అన్నాడని నాకు చురుక్కుమంది. అక్కడ కలెక్టరునైనా, కన్నతల్లినైనా నువ్వు అనే అంటారని, అందులో అమర్యాద ఇసుమంత కూడా ఉండదని తర్వాత తెలిసింది. మాలో కొందరు మీరు అంటూనే మనిషిని గుమ్మం బయట నిలబెడతారు. వీళ్ళు నువ్వు అని లోపలికి పిలిచి పీట వేస్తారు.

చిన్న పెంకుటిల్లు. ముందు ఒక గది, వెనక వంట చేసుకునే చోటు, పక్కన తాళం వేసిన లోపలి గది. ఓదెలు, అతని భార్య లచ్చమ్మ సందుకు అవతల వేరే ఇంట్లో ఉంటారు.

"ముంగటర్ర నువ్వు తీసుకో. లోపటర్ర మా అవ్వది, అదొక్కటి ఇయ్య. అవ్వ ఉంటది. బుగులు పడకు, ఎవ్వల్నేమనది" అని తాళంచెవి ఇచ్చాడు. అదీ ఎడమచేత్తో. వెంటనే నాలిక కరుచుకుని, ఆ చెయ్యి భుజం మీది తువ్వాల కింద దాచుకుని, కుడిచేత్తో మళ్ళీ ఇవ్వబోయాడు. పుర్రచేతివాటం మనిషి. చిన్నప్పటినుంచీ మేనత్త కొట్టి కొట్టి సగం మాన్పించిందట. నాకు ఎడమచేత్తో ఇవ్వడం నచ్చలేదు కానీ ఇల్లు దొరికిన సంతోషంలో పోనీలే అనుకున్నాను.

మావైపు అవ్వ అంటే ముసలావిడ. లోపలి గదిలో ఎవరో మంచాన పడ్డ పెద్దావిడ ఉంది కాబోలు, నేను పనికి వెళ్ళినప్పుడు కొడుకో కోడలో వచ్చి అన్నం పెట్టి పోతారు కాబోలు అనుకున్నాను. ఆ రోజే బావగారికి ఉత్తరం రాశాను. తలుపూ తాళం ఉన్నాయి, ఇంట్లో పెద్దావిడ కూడా ఉంది, పిల్లను తీసుకురండి అని.

ఆ పెద్దావిడంటే నాకు గౌరవం కుదిరింది. పొద్దున నేను లేచేసరికి వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు వేసి ఉండేది. లచ్చమ్మ చేస్తోందనుకున్నాను. పనికి వెళ్ళేటప్పుడు ఆ మూసిన తలుపు దగ్గర ఆగి, "అవ్వగారూ, వెళ్ళొస్తాను" అనేదాన్ని. ఒకసారి ఓదెలు విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత మెత్తని మనిషా అనుకున్నాను.

బావగారు బయలుదేరుతున్నామని కార్డు రాశాడు. అది అందిన రోజు లచ్చమ్మతో, "మీ అవ్వగారిని ఒక్కసారి బయట కూర్చోబెట్టగలవా? మావాళ్ళు చూడాలంటారు" అన్నాను.

లచ్చమ్మ చేతిలో చాట కింద పెట్టింది. "అయ్యో నర్సమ్మా, అవ్వంటె ముసలామె గాదు. కన్నతల్లి. మా ఆయినె మూడేండ్ల పోరడప్పుడే రెండో కాన్పుల కాలం జేసింది. పురుడు పొయ్య రమ్మంటె గప్పుడు ఎవ్వలు రాలే. గందుకే నీకు ఇల్లిచ్చిండు."

"మరి అవ్వ ఉంటది అన్నాడు కదా?"

"ఉంటది గద మరి. యాడికి పోతది?"

ఆ గదిలో ఉన్నది వెదురు పెట్టె, అందులో ఒక చీర, గాజులు. ఏటా పెత్రమాసనాడు, అంటే పెద్దలకు పెట్టే అమావాస్యనాడు, కొత్త చీర పెట్టి దీపం ముట్టిస్తారట. ఇన్నాళ్ళూ నేను వెళ్ళొస్తానని చెప్పింది ఆ పెట్టెకు అన్నమాట. పనిలో పనిగా వాకిట్లో ముగ్గు సంగతి అడిగాను. "నువ్వే ఏస్తున్నవనుకున్న" అంది లచ్చమ్మ.

నాకు అప్పుడు దయ్యం భయం లేదు. బావగారి భయం. ఉత్తరంలో అబద్ధం రాసినట్టయింది, ఆయన అప్పటికే రైలెక్కి ఉంటాడు. పెద్దావిడేదీ అని అడిగితే వెదురు పెట్టెను చూపించాలి. పిల్లను చూపించి మరీ వెనక్కి తీసుకుపోతాడు.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే పక్క ఊరినుంచి బండి వచ్చింది. కాన్పు కష్టంగా ఉంది. ఓదెలు, లచ్చమ్మ ముందురోజే పెళ్ళికని లచ్చమ్మ తల్లిగారింటికి వెళ్ళారు. సరోజను నెలల తర్వాత చూడబోతున్న రోజు అది. అయినా వెళ్ళకుండా ఎలా ఉంటాను? వెళ్తూ ఆ మూసిన తలుపు దగ్గర ఆగాను. "అవ్వా, నా బిడ్డ వస్తోంది" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. అలవాటు కావచ్చు.

తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. నేను తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. బావగారు తిరుగు రైలెక్కి ఉంటాడని దారంతా అనుకుంటూనే వచ్చాను.

బావగారు అరుగు మీద తీరిగ్గా కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. లోపల సరోజ నా చాప మీద నిద్రపోతోంది. తలకు నూనె రాసి, రెండు జడలు వేసి ఉన్నాయి. నేల కొత్తగా అలికి ఉంది.

"నువ్వు రాసిన పెద్దావిడ కనబడలేదు కానీ సుభద్రా, ఆ కోడలు పిల్ల బంగారం. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మేం వచ్చేసరికి తలుపు తీసే ఉంది, ఎదురొచ్చి పాపను ఎత్తుకుంది. 'బిడ్డ పని మీద పోయింది, వస్తది, ఫికర్ చెయ్యకుండ్రి' అంది. ఏదో జావలాంటిది పెట్టింది, జొన్నలు కాదు, మొక్కజొన్న. దాంట్లోకి పొయ్యి మీద పెట్టని పులుసు. ఎంత బాగుందో."

మక్క గటక, పచ్చిపులుసు. అప్పటికి నాకు ఆ రెండూ చేయడం రాదు. ఇంట్లో మక్కల పిండి గానీ రవ్వ గానీ లేదు.

"ఒకటే లోటు. ఎడమచేత్తో వడ్డించింది. ఇంకొకరైతే విస్తరి ముందునుంచి లేచిపోయేవాణ్ణి. ఆ పిల్ల మొహం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. పిల్లలెందరమ్మా అంటే, ఒక్కడే కొడుకు, పెద్దోడైండు, గీ ఇల్లు వానిదే అంది. ఈ వయసుకు పెద్ద కొడుకేమిటి, వేళాకోళం కాకపోతే! పాప నిద్రపోయాక ఆ లోపలి గదిలోకి వెళ్ళింది. పడుకున్నట్టుంది, లేపకు."

లోపలి గదికి ఓదెలు వేసిన తాళం వేసినట్టే ఉంది. ముందు తలుపు తాళంచెవి నా కొంగుకే ఉంది. తొందరలో తాళం వేయడం మరిచిపోయానేమో, ఆ మాట ఒట్టేసి చెప్పలేను. మర్నాడు వీధిలో ఇల్లిల్లూ అడిగాను. ఎవరూ మా ఇంటికి రాలేదన్నారు. ఆ వయసులో ఎడమచేతివాటం మనిషి ఆ వీధిలోనే లేదు.

బావగారు సరోజను నాకు అప్పగించి వెళ్ళిపోయాడు. "ఇలాంటి మనుషులున్న చోట పిల్లకేం భయం" అన్నాడు. ఆయనకు అసలు సంగతి నేనెన్నడూ చెప్పలేదు.

ఓదెలు వచ్చాక చెప్పాను. భయపడతాడనుకున్నాను, లేకపోతే దండం పెడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అడిగాడు.

"ఎట్లుండెనట మా అవ్వ?"

మూడేళ్ళ వయసులో పోయిన తల్లి. ఫోటో లేదు. ముఖం గుర్తులేదు. ఏళ్ళ తరబడి చీర పెట్టి దీపం ముట్టిస్తున్నాడు కానీ ఆమె ఎలా ఉండేదో అతనికి తెలియదు. నా దగ్గర మాత్రం ఏముంది? బావగారి నోట విన్నదంతా పొల్లుపోకుండా చెప్పాను. ఎడమచేత్తో వడ్డించిందని కూడా చెప్పాను.

పక్కనే కూర్చున్న మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓదెలు పుర్రచేతిని కొట్టి మాన్పించింది ఆమే.

"గా చెయ్యి మీ అవ్వదే కొడుకా" అంది. "దాన్ని జూస్తె నాకు వదినె మతికొచ్చేది. దుక్కం ఓర్వలేక కొట్టేదాన్ని. ఎన్నడు నీకు చెప్పలే."

ఓదెలు తువ్వాల కిందినుంచి ఎడమచెయ్యి బయటికి తీశాడు. అరచెయ్యి ఒకసారి, వెనకవైపు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. ఎంతసేపు చూసుకున్నాడో చెప్పలేను. నా సర్వీసులో తల్లి ఒడిలోకి ఎందరో బిడ్డల్ని అందించాను. ఒక కొడుక్కి తల్లి దొరకడం మాత్రం ఆ రోజే చూశాను.

ఆ ఇంట్లో పదకొండేళ్ళున్నాం. మళ్ళీ ఎవరూ ఏమీ చూడలేదు. వాకిట్లో ముగ్గు ఎవరు వేస్తున్నారో తేల్చుకుందామని లచ్చమ్మా నేనూ ఒకరిమీద ఒకరు కాపలా కాసిన రోజునుంచీ అది కూడా మేమే వేసుకోవలసి వచ్చింది. సరోజను అడిగితే ఎవరో జడ వేసిన గుర్తుంది అంటుంది, అంతకుమించి లేదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఆ గటక ఎవరు వండారో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలియదనే చెబుతాను.

నాకు బదిలీ అయిన రోజు లోపలి గది ముందు నిలబడి, "అవ్వా, పోయొస్తా" అన్నాను. అప్పటికి ఆ మాట సరిగ్గా అనడం నేర్చుకున్నాను. బయటికొచ్చి తాళంచెవి ఓదెలుకిచ్చాను. అతను ఎడమచెయ్యి చాచాడు. నేనూ ఎడమచేత్తోనే ఇచ్చాను.