రెండు తోడేళ్ల దగ్గర

అరకు సంత వీధిలో వరహాలరావుది కాఫీపొడి కొట్టు. సొంతూరు గజపతినగరం దగ్గర ఓ పల్లె. వ్యాపారం కోసం కొండెక్కి ఇక్కడే ఉండిపోయాడు. అమ్మేది అతనైనా, వెనకింట్లో గింజలు వేయించేది అతని భార్య రత్నాలు. కరోనా వచ్చి పోయాక ఆమె ముక్కుకి వాసన తెలియడం మానేసింది. కాఫీ వేయించేవాళ్లకి ముక్కు పోయాక ఇంకేం మిగులుతుంది? మూకుడు మీద మూకుడు మాడింది.

దారి చూపించింది కూతురు తేజస్వి. ఆ పిల్ల విశాఖపట్నంలో భాషల మీద పరిశోధన చేసేది. సంస్కృతానికీ, గ్రీకుకీ, లాటిన్‌కీ తల్లి లాంటి భాష ఒకటి ఎప్పుడో ఉండేదట. దాన్నెవరూ రాసిపెట్టలేదు. బిడ్డల పోలికలు చూసి పోయిన తల్లి బొమ్మ గీసినట్టు, పండితులు దాని మాటల్ని ఊహించి కట్టారట. సెలవులకొచ్చినప్పుడు తేజస్వి పొయ్యి పక్కన చేరి, ఆ భాషలో తోడేలు అనే మాటకి విభక్తులు వల్లించేది. ఒక తోడేలుకి కొన్ని రూపాలు, రెండింటికి వేరే, మందకి మరీ వేరే.

"వుల్క్వోస్, వుల్క్వె, వుల్క్వోమ్..."

"ఏటే గుంటా ఆ అరుపులు? ఇరుగూ పొరుగూ దెయ్యం పట్టిందనుకుంటారు."

"నువ్వూ అనవే అమ్మా. గింజ సిట్లగానే అందుకో. మంద అయిపోయేసరికి దించెయ్."

నిజంగానే కుదిరింది. వల్లింపుకి పట్టేంత సేపే గింజ వేగడానికీ పట్టేది. గింజలు తెచ్చే గాసి కొండమీది పల్లెవాడు. గుమ్మంలో బస్తా దించుతూ నవ్వేవాడు. "మీ కాఫీకి తోడేళ్లు కాపలా కాస్తన్నాయేటమ్మా!"

మొన్నటి వానాకాలంలో ఇంటికొచ్చిన తేజస్వికి మలేరియా మెదడుకెక్కింది. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి జీపు ఆగిపోయింది. దారి తీసేలోగా తల్లి ఒడిలోనే పిల్ల చల్లబడింది.

పోయినవాళ్ల వస్తువు ఇంట్లో ఉంచకూడదని వాళ్లవైపు ఆచారం. పదోనాడు వరహాలరావు బట్టలతోపాటు కాగితాలూ, ఫోనూ మూటగట్టి గెడ్డ నీళ్లలో కలిపేశాడు. ఇక కూతురిదంటూ రత్నాలు దగ్గర మిగిలింది ఆ వల్లింపు ఒక్కటే.

మళ్లీ పొయ్యి వెలిగించిన రోజున ఒక తోడేలు వరస గడగడా వచ్చేసింది. రెండు తోడేళ్ల దగ్గర మొదటి మాట వచ్చింది. ఆ తరవాతది రాలేదు. మొదటినుంచి మళ్లీ అందుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. గింజలు బొగ్గయ్యాయి.

"మళ్లీ మాడ్సీసినావేటే?" అన్నాడు వరహాలరావు. ఆమె మొహం చూసి కొట్లోకి వెళ్లిపోయాడు.

"గాసీ, పాప అక్కడేటనేదో నీకు గురుతుందేటి?" బస్తా తెచ్చినవాణ్ని అడిగింది రత్నాలు.

"నాను నవ్వడమే గురుతమ్మా," అన్నాడు గాసి తలొంచుకుని.

చివరికి రత్నాలు తేజస్వికి చదువు చెప్పిన పావని మేడంకి ఫోన్ చేసింది.

"మేడమ్ గారూ, మా పాప సదివేది కదండీ, తోడేలుది. రెండింటి కాడ మొదట్దాని తరవాతది నాకు రావట్లేదు. ఓపాలి సెప్తారేటి?"

అవతల పుస్తకం తిరగేసిన చప్పుడైంది. "అక్కడ రూఢిగా ఎవరికీ తెలీదమ్మా. ఆధారాలు చాలవు. ఒక్కో పండితుడు ఒక్కోటి పెడతాడు, కొందరు ఖాళీగా వదిలేస్తారు. తేజస్వి తనకి తోచిందేదో పెట్టుకుని ఉంటుంది."

"అదేటో మరెవుల్నడగాలండీ?"

"తననే..." అని ఆవిడ మాట మింగేసింది.

మర్నాడు గింజలు చిట్లాయి. రత్నాలు అందుకుంది. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గరిటె తిప్పుతూనే ఉంది. నోరు తనంతట తనే ఏదో కూసి ముందుకి పోయింది. మంద అయిపోయింది, మూకుడు దించింది. వరహాలరావు ఓ గింజ కొరికి చూశాడు. "ఇయ్యాల బాగా కుదిరిందే!"

తేజస్విది కాదు గనక పారెయ్యవలసిన మాట అది. కానీ రోజూ అదే వచ్చేది, రోజూ కాఫీ కుదిరేది. చలి ముదిరేసరికి అది మిగతావాటి పక్కన సర్దుకుపోయింది. ఒకనాడు రత్నాలు చేట ముందు కూర్చుని, తను కలిపింది తీసేసి కూతురిది మటుకే పలుకుదామని చూసింది. ఏది ఎవరిదో తెలియలేదు.