బోణీకి ముందు అడిగిన ధర

ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే గంగాలమ్మ కూతురు నాగశ్రీని ఎరగనివాళ్ళు తక్కువ. చిన్నప్పుడు తల్లి గంప పక్కన కూర్చునే లెక్కలు చేసుకున్న పిల్ల. ఐసు కరిగిన నీళ్ళకి ఆమె పుస్తకాల అట్టలు ఎప్పుడూ ఉబ్బి ఉండేవి. ఇప్పుడు నగరంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నౌకా నిర్మాణం చదువుతోంది. తండ్రి నాగబాబు మరబోటు మీద కళాసీ. వేటకు వెళ్ళాడంటే రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాడు. పడవ మీద కూలికి పోయే మనిషి కూతురు పడవ ఎలా కట్టాలో నేర్చుకుంటోందంటే హార్బర్‌లో అందరికీ కొంత గర్వం, కొంత వేళాకోళం.

"ఏటే ఇంజినీరమ్మా, మా బోటుకి సిల్లు పడింది, పూడ్సి పెడతావేటి?" అని మేనమామ కొడుకు చందు, బోట్లు కట్టే జెట్టీ మీద నుంచి కేకేసేవాడు.

"ముందు నువ్వు ఇంజినుకి నూనె ఎయ్యి బావా. ఆ తరవాత నన్ను పిలుద్దువు గాని," అని ఆమె నడక ఆపకుండానే జవాబిచ్చేది.

ఆ కాలేజీకి వియత్నాంలో హైఫాంగ్ అనే నగరంలోని విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉంది. ఏటా ఇక్కడి విద్యార్థి ఒకరు అక్కడికి వెళ్ళి ఒక సెమిస్టర్ చదువుతారు. అక్కడినుంచి ఒకరు ఇక్కడికి వస్తారు. హైఫాంగ్ కూడా మన విశాఖలాగే రేవు పట్టణం, ఓడలు కట్టే ఊరు. కాలేజీలో చేరిన ఏడాదే నాగశ్రీ ఆ సీటు మీద కన్నేసింది. విమానం ఎక్కాలన్న సరదా కాదు. అక్కడ సెమిస్టర్‌లో సగం పని యార్డులోనే, మరమ్మతుకి వచ్చిన ఓడల దగ్గరే. ఇక్కడ ఆమెకు తరగతి గదిలో గోడ మీద పడే బొమ్మలే ఓడలు.

ఆ సీటు ఎవరికి దక్కుతుందన్నది మాత్రం కాలేజీలో అందరికీ ముందే తెలిసిన సంగతిలా ఉండేది. మంచి ఇంగ్లీషు, మంచి చొక్కా, 'ఎక్స్‌పోజర్' ఉన్నవాళ్ళకి. ఈ ఎక్స్‌పోజర్ అన్న మాటను కనిపెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ, చాలామంది పేదపిల్లల దరఖాస్తులను ఆ ఒక్క మాటతోనే పక్కన పెట్టేశారు. తెలుగు, ఉర్దూ, ఒడియా మాట్లాడే బేరగాళ్ళతో సూర్యుడు రాకముందే నెగ్గుకొచ్చే తల్లి దగ్గర పెరిగిన పిల్లకి లోకం తెలియదట. మాల్‌లో కాఫీ తాగడం తెలిసిన పిల్లాడికి తెలుసట.

అయితే ఈ ఏడాది ఎంపికకు కొత్త పద్ధతి పెట్టారు. హైఫాంగ్ నుంచి లాన్ అనే అమ్మాయి అప్పటికే ఇక్కడికి వచ్చి ఉంది. చివరిదాకా మిగిలినవాళ్ళు ఇద్దరు: నాగశ్రీ, ఉదయ్‌కుమార్. వీళ్ళు చెరొక రోజు లాన్‌కి నగరం చూపించాలి. ఈ వ్యవహారమంతా చూసే ప్రొఫెసర్ రమణమూర్తి వెంట ఉండి గమనిస్తాడు. ఆ తర్వాత ఇంటర్వ్యూ.

ఉదయ్‌కుమార్ కైలాసగిరి ఎక్కించాడు, బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ చూపించాడు, ఏసీ హోటల్లో భోజనం పెట్టించాడు. అదీ విశాఖే, కాదనడానికి లేదు.

నాగశ్రీ తన రోజుకి రాసిచ్చిన వరస చూసి రమణమూర్తి కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు. తెల్లవారుతూనే ఫిషింగ్ హార్బర్, మధ్యాహ్నం మల్కాపురం, ఆ తర్వాత ఆటోనగర్.

"ఇదేమిటమ్మా? విదేశాల నుంచి వచ్చిన అమ్మాయికి చేపల కంపు, షెడ్లు చూపిస్తావా?"

"కంపు లేని రేవు ఉండదు సార్. ఆ అమ్మాయిదీ రేవే కదా."

ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల రికమండేషన్ కాగితాల కోసం ఆదివారాలు కూడా కాలేజీకి వచ్చే మనిషి. కానీ ఈ నగరంలో ఇన్నేళ్ళు ఉండి హార్బర్ గేటు దాటి లోపలికి వెళ్ళింది లేదు. వెళ్ళవలసిన పనీ పడలేదు.

వాళ్ళు ముగ్గురూ చేరేసరికి మొదటి వేలం ముగిసింది. బోట్ల నుంచి దించిన చేపలను వేలంలో పాడుకున్న ఆడవాళ్ళు వాటిని తమ గంపల్లో సర్దుకుని, మీద ఐసు చల్లుకుంటున్నారు. లాన్ ఫోన్ జేబులో పెట్టేసి, ప్యాంటు అంచులు పైకి మడిచి, తడి నేల మీద ఇంట్లో నడిచినట్టు నడిచింది. గంగాలమ్మ ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసి కూతురితో అంది:

"ఇదేటే, మన పిల్లలాగే ఉంది. బక్కసిక్కిపోనాది. అక్కడ తిండెట్టరేటి?"

"హాస్టలు తిండి తినే బక్కసిక్కింది. మన కాలేజీ హాస్టలే," అంది నాగశ్రీ.

గంగాలమ్మ పక్క గంప ఆదిలక్ష్మమ్మది. ఆ వరసలో అందరికంటే పెద్దావిడ. ఆ రోజు ఆమె గంపలో పెద్ద కోనెం చేప ఒకటి వెండిలా మెరుస్తోంది. లాన్ దాన్ని వంగి చూస్తుంటే, సాయం చేద్దామనుకున్నాడు రమణమూర్తి.

"ఈ చేప ఎంతమ్మా?"

ఆదిలక్ష్మమ్మ ధర చెప్పింది. ఆయన దాన్ని ఇంగ్లీషులో లాన్‌కి వివరించి, తల పంకించి, ఐసు ఫ్యాక్టరీ వైపు అడుగు వేశాడు.

వరసలోని ఆడవాళ్ళంతా తలలెత్తి ఆయన వైపు చూశారు.

"ఏటి బాబూ, రేటడిగీసి ఎల్లిపోతన్నావు?" అంది ఆదిలక్ష్మమ్మ. "ఇంకా నాకు బోణీ అవనేదు."

ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. "ఊరికే అడిగానమ్మా. నేను చేపలు తినను."

"తిననోడివి ఎందుకడిగినట్టు మరి? పొద్దున్నే ఎవులి మొకం సూసేనో నాను."

ఆయనకి ఏదో చిన్న అపార్థం అనిపించింది. చెయ్యి ఊపి ముందుకు నడిచాడు.

బోణీ అంటే తెలియని తెలుగువాళ్ళు లేరు. కానీ అద్దాల షాపులో బోణీ వేరు, నేల మీద గంప ముందు బోణీ వేరు. ఇక్కడ రోజులో మొదట ధర అడిగినవాళ్ళు బేరం కుదుర్చుకుని కొనాల్సిందే. తగ్గించమని పోట్లాడవచ్చు, చిన్న చేప తీసుకోవచ్చు. అడిగి వదిలేసి మాత్రం పోకూడదు. వదిలేస్తే ఆ రోజు గంప కదలదని వాళ్ళ నమ్మకం. దీన్ని మూఢనమ్మకం అనేవాళ్ళు ఉంటారు. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేది కూడా వాళ్ళే. పైగా ఎండెక్కితే పాడైపోయే సరుకు ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి ధైర్యానికి ఆ మొదటి బేరమే ఆధారం. ఆ ధైర్యాన్ని ఊరికే తీసుకుపోయే హక్కు ఎవరికీ లేదు.

నాగశ్రీ కదలబోయింది. గంగాలమ్మ ఆమె చున్నీ పట్టుకుని ఆపింది.

"ఒలే, ఊరుకో. ఆ సారే కదేటి నిన్ను పంపించీది?"

"ఆయనే."

"మరి నోరు మూసుకో. ఆదిలక్ష్మప్పకి నాను సెప్పుకుంటాను. సీటు పోగొట్టుకుంటావేటి?"

నాగశ్రీ తల్లి వైపు చూసింది, ఆదిలక్ష్మమ్మ వైపు చూసింది. ఆ పెద్దావిడ అప్పటికే గంప మీద నీళ్ళు చిలకరించుకుంటూ పెదవులు బిగబట్టుకుని ఉంది. ఇప్పుడు మాట్లాడకపోతే సీటు తనకే రావచ్చు. మాట్లాడితే ఏమవుతుందో తెలియదు. నాగశ్రీ చున్నీ విడిపించుకుని గబగబా నడిచి రమణమూర్తి ముందు నిలబడింది.

"సార్, ఒక్కసారి వెనక్కి రావాలి."

"ఏమైంది?"

"మీరు ఆదిలక్ష్మమ్మ పెద్దమ్మకి బోణీ బేరం. ధర అడిగారు. కొనాలి."

"నేను శాకాహారినమ్మా."

"తినమనట్లేదు సార్. కొనమంటున్నాం."

గంపల వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం కందిపోయింది.

"నాగశ్రీ, నేను ఇక్కడికి నిన్ను అంచనా వేయడానికి వచ్చాను. గుర్తుందా?"

"గుర్తుంది సార్. అందుకే చెప్పడానికి భయమేసింది. అయినా చెప్తన్నాను."

ఏం జరిగిందని లాన్ అడిగింది. నాగశ్రీ ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పేసరికే ఆ అమ్మాయి ఆగమన్నట్టు చెయ్యెత్తింది. తమ ఊరి బజారులోనూ ఇంతేనట. పొద్దున్నే మొదటి మనిషి ధర అడిగి కొనకుండా పోతే అక్కడ కొట్టు నడిపే వాళ్ళ అమ్మమ్మ కాగితం ముక్క కాల్చి, దిష్టి తీసినట్టు దుకాణం చుట్టూ తిప్పుతుందట, వెళ్ళిన మనిషిని వీధి చివరిదాకా వినపడేలా తిడుతుందట. ఇది చెప్పి లాన్ తన సంచీలోంచి డబ్బు తీయబోయింది.

"ఆ పిల్ల కాదు," అంది ఆదిలక్ష్మమ్మ, భాష తెలియకపోయినా సంగతి పట్టేసి. "అడిగిన నోరు ఎవులిదో ఇచ్చే సెయ్యీ ఆలదే అవాల."

రమణమూర్తి వెనక్కి వచ్చాడు. రాక తప్పలేదు. దారికి రెండు వైపులా ఆడవాళ్ళు, జెట్టీ మీద చందు, మధ్యలో విదేశీ విద్యార్థిని. కోనెం వైపు ఆయన బెదురుగా చూస్తుంటే ఆదిలక్ష్మమ్మకే జాలేసింది.

"అంత పెద్దదొద్దులే బాబూ. ఈ సిన్న సేపలు, కానాగంతలు, నాలుగు తీసుకో. బోణీ అయిపోద్ది, నీకూ దోసం ఉండదు."

ఆయన డబ్బు ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, గంప చుట్టూ తిప్పి, కొంగున ముడేసుకుంది. ఆ మరుక్షణమే ముఖం మారిపోయింది. "సల్లగుండు నాయనా," అంది, అంతకుముందు ఏమీ జరగనట్టే.

చేపల కవరు చేతికి దూరంగా పట్టుకుని నిలబడ్డ ప్రొఫెసర్‌ని చూసి చందు అడిగాడు, "సారూ, అదట్టుకుని ఇంటికెల్తే మేడం గారు తలుపు తీత్తారా?"

"అదే ఆలోచిస్తున్నాను," అన్నాడు రమణమూర్తి. ఈసారి వాళ్ళతో కలిసి ఆయన కూడా కొంచెం నవ్వాడు.

"ఇలాగియ్యండి బాబూ," అని గంగాలమ్మ కవరు అందుకుంది. "మద్దినం మాయింటికి వత్తారు కదా. పిల్లలిద్దరికీ పులుసెడతాను. మీకు పప్పుచారు."

ఆ మధ్యాహ్నం మల్కాపురంలోని ఇరుకు ఇంట్లో లాన్ చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుంది. రమణమూర్తి పప్పుచారు అన్నం తిన్నాడు. ఇంటి వెనక రోడ్డు మీద రేవుకి పోయే లారీల మోతకి పళ్ళెంలో గ్లాసు వణుకుతుంటే, ఇక్కడ పిల్లలు ఎలా చదువుతారని అడిగాడు. "లారీ ఆగినప్పుడు సార్," అంది నాగశ్రీ. సాయంత్రం ఆటోనగర్‌లో, నీళ్ళలో తిరిగే బోటు పంకాలు వంగిపోతే కాల్చి సరిచేసే షెడ్డులో లాన్ ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ చీకటి పడేదాకా కదలలేదు. రమణమూర్తి లాన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. హార్బర్ సంగతి బయటపడి, ఇక ఉదయ్‌కుమార్‌కే సీటు ఖాయమని మర్నాటికి కాలేజీ అంతా పాకింది.

ఇంటర్వ్యూ చేయడానికి రమణమూర్తితో కలిపి ముగ్గురు కూర్చున్నారు. ఓడల గురించి అడిగినవాటికి ఆమె తడుముకోకుండా చెప్పింది. చివర రమణమూర్తి కలం కింద పెట్టాడు.

"ఆ రోజు అందరి ముందూ నన్ను వెనక్కి పిలిచావు. అక్కడికి వెళ్ళాక కూడా ఎవరినైనా ఇలాగే నిలదీస్తావా? కాలేజీ పరువు ఏమవుతుంది?"

నాగశ్రీ కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది.

"అక్కడ నిలదీయాల్సింది నేను కాదు సార్, వాళ్ళు. కొత్త ఊరికి వెళ్ళి తెలియక నేను తప్పు చేస్తే నవ్వి ఊరుకునే మనిషి నాకొద్దు. మొహం మీద చెప్పే మనిషి కావాలి. లేకపోతే సెమిస్టరంతా తిరిగినా ఏమీ నేర్చుకోకుండా వచ్చేస్తాను. ఆ రోజు మీకు మా హార్బర్ కొత్త. అందుకే చెప్పాను."

"సీటు పోతుందని తెలిసి కూడానా?" అన్నాడు పక్కాయన.

"ఆ వరసలో మా అమ్మ కూర్చుంటాది సార్. సెమిస్టర్ అయ్యాక నేను తిరిగి రావాల్సింది అక్కడికే. ఆదిలక్ష్మమ్మ పెద్దమ్మ గంప ముందు నుంచి తల దించుకుని నడవలేను."

రమణమూర్తి కలం మళ్ళీ అందుకుని ఏదో రాసుకున్నాడు. వెళ్ళొచ్చన్నారు.

ఫలితం రెండు రోజుల తర్వాత వచ్చింది. రమణమూర్తి ఆమెను గదికి పిలిచి, నిలబెట్టే చెప్పాడు.

"నీతో ఒక రోజు తిరిగితే మనిషికి ఊపిరాడదు. అక్కడివాళ్ళు ఎలా భరిస్తారో చూద్దాం. పాస్‌పోర్ట్ తయారుగా ఉందా?"

ఉందంది నాగశ్రీ. మొదటి సంవత్సరంలోనే తీసుకుంది.

హైఫాంగ్‌లో వీధుల నిండా తురాయి చెట్లు. మోటారు సైకిళ్ళ మధ్య నుంచి రోడ్డు దాటడం మొదటి వారంలోనే అలవాటైంది. జగదాంబ జంక్షన్ దాటడం వచ్చినవాళ్ళకి అదేమంత కష్టం కాదని తండ్రికి ఫోన్‌లో చెప్పింది. యార్డులో నీళ్ళు తోడేసిన డాక్‌లో నిలబెట్టిన ఓడ అడుగున నిలబడి, పైకి చూసీ చూసీ మెడ పట్టేసింది. సెలవు రోజున మ్యాప్ లేకుండా నది ఒడ్డున ఎంత దూరమైనా నడిచేది. దారి తప్పితే ఓడ క్రేన్లు ఎటున్నాయో చూసుకుని వెనక్కి తిరిగేది.

రెండో వారంలో హాస్టల్ పక్క వీధిలో అన్నం తింటూ, పుస్తకం తీయడానికి చేతులు ఖాళీ చేసుకుంటూ, అక్కడ తినడానికి వాడే పుల్లలు రెండూ అన్నం గిన్నెలో నిలువుగా గుచ్చింది. అంతే. దుకాణం నడిపే ముసలావిడ పరుగున వచ్చి పుల్లలు లాగేసి, చేతులు తిప్పుతూ తిట్లు అందుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు దించుకుని తింటున్నారు. ఒక విద్యార్థి మెల్లిగా ఇంగ్లీషులో చెప్పాడు: అలా గుచ్చేది చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నంలో మాత్రమే. నాగశ్రీ లేచి నిలబడి ఆ పెద్దావిడకి రెండు చేతులూ జోడించింది. ఆవిడ ఇంకో రెండు మాటలు తిట్టి, కొత్త గిన్నెలో అన్నం పెట్టుకొచ్చి, పుల్లలు గిన్నె మీద ఎలా అడ్డంగా ఆనించాలో చెయ్యి పట్టుకుని చూపించింది.

మర్నాడు తెల్లవారగానే నాగశ్రీ తల్లికి ఫోన్ చేసింది. అటువైపు హార్బర్ అప్పటికే కేకలతో నిండి ఉంది.

"నిన్న ఒకావిడ నన్ను బాగా తిట్టిందమ్మా."

"ఎందుకే? ఏటి సేసేవు?"

చెప్పింది.

"మరి నేర్సుకున్నావా?"

"నేర్సుకున్నాను."

"అయితే పర్నేదు. ఆవిడి కొట్లోనే తిను, ఇంకో దానికి ఎల్లకు. ఏలం మొదలెట్టీసినారు, నానెల్తన్నాను," అని గంగాలమ్మ ఫోన్ పెట్టేసింది.