పలుకు అంచు చదివిన మామ

పోయిన సోమవారం తెల్లారేసరికి బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. మా మేనమామ నిద్రలోనే పోయాడు. నా చదువును ఆయన ఎట్లా నిలబెట్టాడో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకైనా చెప్పాలి.

పదో తరగతి చదివిన మామ, చక్కెర ఫ్యాక్టరీలో పాకం ఉడికించే పాన్ దగ్గర పనిచేశాడు. ఉడికే పాకాన్ని కాస్త తీసి, గాజు ముక్క మీద పూసి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. ఆవిరి తొందరపడి పెంచితే పెద్ద చక్కెర పలుకుల మధ్య పిండిలాంటి సన్నవి పుడతాయట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ కళ్లతో ఎవరికీ పనిపడలేదు. ఇంట్లో చాయ్‌లో వేసే చక్కెరను కూడా చెంచాలో పట్టి పరీక్షించేవాడు. "గా సూసుడు ఆపు, చాయ్ సల్లారుతున్నది," అని అత్తమ్మ విసుక్కునేది.

నేను చదివేది రాళ్లను. భూమి లోతున కరిగిన రాయి కూడా పాకంలాగే చల్లబడుతూ పలుకులు, అంటే స్ఫటికాలు, కడుతుంది. దానిలో నీరు, గంధకం బాగా ఉంటే, రాగి, బంగారం ఆ వేడినీటి వెంట పైకి వచ్చి పగుళ్లలో పేరుకుంటాయి. నీరూ గంధకం వచ్చాయో లేదో చెప్పేది ఇసుక రేణువంత పలుకే. నాలుగేళ్లు వెతికినా నా పలుకుల్లో గంధకం జాడ లేదు. ఈ రాయిని వదిలేయమన్నారు మా పీహెచ్‌డీ గైడు. నేనూ అదే అనుకుని, మొహం వేలాడేసుకుని బోధన్ వెళ్లాను.

మామ నా ల్యాప్‌టాప్‌లో పలుకు ఫొటో చూశాడు.

"గీ గీతలేంది బిడ్డా?"

"పలుకు పెరిగిన పొరలు మామ."

"నువ్వు యాడ కొలిసినవ్?"

"నడిమిట్ల. అంచుల కాడ అంకెలు ఆగమాగం వస్తున్నయని తీసేసిన."

ఆయన నవ్వాడు. నాకు కోపం వచ్చింది.

"నడిమిట్లది పలుకు కట్టనీకి మేం పాకంల ఏసే విత్తనం అసొంటిది. ఆఖర్ల ఏం పోసిండ్రో అంచుకే ఎరుక. నువ్వు గదే పారేస్తివి."

తిరిగి వెళ్లి, తీసేసిన అంచులనే చుక్క చుక్కగా మళ్లీ కొలిచాను. నడిమి నుంచి చాలా దూరం వరకు ఏమీ లేదు. చిట్టచివరి పొరలో గంధకం ఒక్కసారిగా పెరిగింది. లోతు నుంచి కొత్తగా కరిగిన రాయి వచ్చి కలిసిన సంగతి వెంట్రుక కన్నా సన్నని అంచులో భద్రంగా ఉంది. అంత పెద్ద సంగతి అంత చిన్న చోట ఉండటం ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

పోయిన నెల ఆ ఫొటోను పెద్దగా అచ్చు వేయించి తీసుకెళ్లాను. మామ దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది పోసి ఎన్నేండ్లయింది?"

"కోట్ల ఏండ్లు మామ."

ఆయన పలుకు అంచు మీద వేలు ఆనించి మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. అత్తమ్మ అన్నానికి పిలిచింది. వేలు బయలుదేరిన చోటికి వచ్చింది, కానీ ఆగలేదు. మళ్లీ తిరగసాగింది.