నోటు దగ్గర తగ్గిన చప్పుడు

రెండువేల ఒకటో సంవత్సరం వేసవిలో చిత్తూరు ఎగ్జిబిషన్ మైదానంలో మా బావి నిలబెట్టారు. అందులో నేను మొదటి రైడరును. బావి అంటే నీళ్ళ బావి అనుకునేరు. చెక్క పలకలు నిలువుగా పేర్చి, ఇనుప బద్దెలతో బిగించిన గుండ్రటి గోడ అది. జనం మెట్లెక్కి పైఅంచున నిలబడి లోపలికి తొంగి చూస్తారు. మేము అడుగున మోటారుసైకిలు ఎక్కి, వాలు పలకల మీద వేగం అందుకొని, నిట్టనిలువు గోడ మీదికి పోయి చుట్లు కొడతాం. వేగం ఉన్నంతసేపే గోడ మనిషిని పట్టుకుంటుంది.

చెన్నై వైపు రేసు ట్రాకుల్లో తోలే కుర్రాళ్ళు మా ఆట చూసి, కిందికి దిగి వచ్చి అడిగేవాళ్ళు: తోలడం బాగా రావాలంటే చిన్న బండి మేలా, పెద్ద బండి మేలా అని. నాకు సంతకం పెట్టేంత వరకే చదువు. పుస్తకంలో ఏముందో తెలియదు. చిత్తూరులో నాకు జరిగింది మాత్రం చెప్పగలను.

మా బావికి రెండు బండ్లు. పెద్దది మూడు వందల యాభై సీసీ, మొదటి రైడరుది. చిన్నది వంద సీసీ, రెండో రైడరుది. పెద్ద బండి దడదడకు పలకలు ఊగుతాయి, జనం ఈలలు వేస్తారు. చిన్నదాన్ని బరువు లేదని మా వాళ్ళందరూ గాలిబండి అనేవాళ్ళు. మా ఆయన గురునాథం ఉన్నన్నాళ్ళు పెద్ద బండి ఆయనదే. నాకు తోలడం నేర్పిందీ ఆయనే, ఆ బండి మీదే.

అంతకు ముందు ఏడు తిరుపతిలో ఆట నడుస్తుండగా పెద్ద బండి క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. జనం నిండుగా ఉన్నారని ఆయన చిన్న బండి ఎక్కాడు. నేను కింద తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను. చుట్టూ తిరుగుతున్న చప్పుడు ఉన్నట్టుండి సన్నబడింది. బండి ముందు, మనిషి వెనక, రెండూ నా కాళ్ళ ముందు పడ్డాయి. ఆ వెనకే ఒక పది రూపాయల నోటు గాలిలో తిరుగుతూ దిగింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టుకు అందే దెబ్బ కాదది. ఆస్పత్రి చేరేలోపే ప్రాణం పోయింది. గాలిబండి మింగేసింది అన్నారందరూ. నేనూ అదే అన్నాను.

అప్పటి నుంచి పెద్ద బండి నాది. ఆడమనిషి పెద్ద బండి తోలుతుందని జనం ఎగబడేవాళ్ళు. రెండో రైడరు మా మరిది రత్నం, చిన్న బండితోనే బతికాడు. చిత్తూరులో మా బావి ఓనరుకు కొత్త కోరిక పుట్టింది. ఆదివారం ఆటలో నేను గోడ మీద రెండు చేతులూ వదిలి తిరగాలన్నాడు. చేయలేకపోతే వేలూరు నుంచి ఇంకొకణ్ణి పిలిపించి వాడికి పెద్ద బండి ఇస్తానన్నాడు. నేను సరేనన్నాను. రత్నం మాత్రం అడ్డం పడ్డాడు.

"చేతులు వదిలేది తర్వాత, వదినా. ముందు నా బండి ఎక్కి నాలుగు సుట్లు తిరుగు."

"నా మొగుణ్ణి మింగిన బండి ఎక్కమంటాండావా?"

"మింగిందో లేదో ఎక్కితే గదా తెలిసేది."

ఓనరు పకపకా నవ్వాడు. "ఏం రాజమ్మా, గాలిబండికే బయపడితివా? ఇంగ మొపెడ్ తెప్పించాల్నా?"

ఆ మాటకు రోషం వచ్చింది. ఆ పొద్దున, జనం లేని వేళ, చిన్న బండి ఎక్కాను. వాలు దాటి గోడ మీదికి పోయాను. ఇంతేనా అనిపించింది. అంతలో పైఅంచున రత్నం ఒక కాగితం ముక్క చేత్తో పట్టుకొని వంగాడు. ఆటలో జనం అలాగే నోట్లు చాపుతారు, మేము తిరుగుతూ అందుకుంటాం. మా బావిలో గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతాం కాబట్టి ఎడమ చెయ్యి జనం వైపు ఉంటుంది, కుడి చెయ్యి యాక్సిలరేటరు మీద ఉంటుంది. వేల సార్లు చేసిన పని. చెయ్యి చాచాను.

కింద నేల లేనట్టయింది. బండి గోడ మీద జారి వాలు పలకలకు కొట్టుకుంది, నేను దొర్లి మధ్యలో పడ్డాను. తిన్నగా కింద పడకుండా గోడ వెంబడే జారాను కాబట్టి భుజం తొలగడంతో పోయింది. నొప్పి కూడా తెలియలేదు. బండి వైపు చూస్తే, పక్కకు ఒరిగి, ఇంజను ఆడుతూనే ఉంది.

రత్నం పరుగెత్తుకొచ్చాడు. ఇంజను ఆగిపోయిందా అని అడిగాను.

"యాడ ఆగింది? ఆడతానే ఉండాది సూడు. నువ్వే తగ్గించినావు. నోటు కాడికొస్తే నీ కుడి చెయ్యి వదులైపోతాది. పెద్దబండికి బరువుండాది, ఆ ఊపుతో నిన్ను లాక్కపోతాది. దీనికి అంత ఊపు యాడిది?"

"ఎప్పటి నుంచి?"

"నేర్చుకున్న కాణ్ణించీ. కింద నిలబడి రోజూ వింటా ఉండా. నోటు కాడ సౌండు పడిపోతాది." బండి ఎత్తి నిలబెడుతూ అన్నాడు. "నీకు నేర్పినోడిదీ అదే, వదినా. చెప్తే నవ్వేసినాడు."

ఆయన వెనకే తిరుగుతూ దిగిన పది రూపాయల నోటు కళ్ళ ముందుకొచ్చింది. ఏడాది పాటు ఒక బండిని తిట్టాను. ఆ ఏడాదంతా, రోజుకు ఇన్ని ఆటల చొప్పున, ఆయన్ని చంపిన పనినే నేను చేస్తూ, జనం చేత చప్పట్లు కొట్టించుకున్నాను. ఆదివారం రెండు చేతులూ వదలడానికి ఒప్పుకున్నాను కూడా.

ఆదివారం నేను చేతులు వదల్లేదు. వేలూరు నుంచి రైడరు వచ్చాడు, పెద్ద బండి వాడికి పోయింది. పుత్తూరు పోయి భుజానికి కట్టు కట్టించుకొని వచ్చాక, రత్నంతో వంతులేసుకుంటూ రెండో రైడరుగా చిన్న బండి మీద మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. కాగితం అందుకుంటే కింద నుంచి రత్నం చప్పుడు విని "పడింది" అనో "నిలబడింది" అనో అరిచేవాడు. పడింది అన్న మాటే చాలా రోజులు విన్నాను. నాయుడుపేట మకాముకు పోయేసరికి ఆ మాట వినబడడం మానేసింది. పెద్ద బండి తిరిగి నా చేతికి రావడానికి ఇంకో ఏడు పట్టింది.

ఈ పనిలో నేను తెలుసుకున్నది ఇంతే. పెద్ద బండి మన తప్పును తన బరువుతో మోసుకుపోతుంది. అందుకే అది మనకు కనబడదు. చిన్న బండి అక్కడికక్కడే పడేస్తుంది. ఆ తర్వాత మా బావిలో ఎవరు చేరి పెద్ద బండి అడిగినా, ముందు చిన్న బండి మీద నోటు అందుకోమనేదాన్ని. నేను కింద నిలబడి, కళ్ళు మూసుకొని వినేదాన్ని. చప్పుడు తగ్గకపోతేనే తాళం ఇచ్చేదాన్ని.