అమెరికా వానకు దుబాయ్ పాశం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని తెలుసు. ఆ రోజులంటే మరీ ఎప్పటివో కావు, కరోనా మాస్కులు మొహాల మీంచి దిగిపోయి, విమానాలు మళ్ళీ కిటకిటలాడుతున్న రోజులు. కానీ దుబాయ్‌లో కాలం లెక్క వేరు. ఇక్కడ రెండుసార్లు వీసా కొట్టించుకున్నవాడు పాతకాపు. ఒక జులై గడిపినవాడికి జీవితమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. (జులైలో మేము స్నానానికి గీజరు ఆపేసి వేడినీళ్ళ కుళాయి తిప్పేవాళ్ళం. గీజరులో నిలవున్న నీళ్ళే కాస్త చల్లగా ఉండేవి. చన్నీళ్ళ కుళాయి తిప్పినవాడికి ఒళ్ళు బొబ్బలెక్కేది. ఇంతకంటే ఈ ఊరి గురించి వర్ణన అక్కర్లేదు.) అటువంటి ఊళ్ళో కూర్చుని, ఇరవై మూడేళ్ళ వయసులో, నేనొక గొప్ప నమ్మకంతో బతికేవాణ్ణి. అమెరికాలో వాన పడాలా వద్దా అన్నది నా చేతుల్లో ఉందని.

నమ్మకానికి కారణం నా ఉద్యోగం. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో కోళ్ళకీ ఆవులకీ దాణా ఆడించే మిల్లు మాది. దాణాకు కావలసిన మొక్కజొన్న అమెరికా నడిమధ్య రాష్ట్రాల నుంచి ఓడల మీద వచ్చేది. జగిత్యాలలో బీకాం చదివిన నన్ను కొనుగోళ్ళ విభాగంలో చిన్న కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ రాష్ట్రాల్లో పంట ఎలా ఉందో, ఎండ ఎంత ఉందో, మేఘం ఎటు పోతోందో రోజూ కంప్యూటర్‌లో చూసి చెప్పమన్నారు. వారానికోసారి అమెరికా సర్కారు పంటల మీద మార్కులు వేస్తుంది. మరీ అధ్వాన్నం, అధ్వాన్నం, ఫరవాలేదు, బాగుంది, భేషుగ్గా ఉంది అని, మన బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డు లాగే. మంగళవారం పొద్దున ఆ మార్కులు మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, చదివి వినిపించడం నా పని. మక్క చేల మధ్య, అంటే ఆ మొక్కజొన్న మధ్యే, పుట్టి పెరిగి, ఏనాడూ ఒక గడ్డిపరక పీకని వాణ్ణి. నాన్న చేనుకు రమ్మంటే నాకు పరీక్షలుండేవి. లేకపోతే కడుపునొప్పి. అలాంటివాడు అయోవా రైతు పంట గురించి గొంతు సవరించుకుని "తేమ చాలడం లేదు సర్" అని చెబుతుంటే, ముదీర్ గడ్డం నిమురుకుంటూ వినేవాడు. ఆ గడ్డం నిమరడం చూసి నేను రోజురోజుకూ రెండంగుళాలు ఎత్తు పెరిగాననుకునేవాణ్ణి.

ఆ ఏడు అమెరికాలో జూన్ అంతా ఎండింది. మొక్కజొన్నకు జులై నెల ప్రాణం. కంకి పీచు తీసేటప్పుడు వాన పడితే గింజ పడుతుంది, పడకపోతే పశువుల మేతే మిగులుతుంది. మా ముదీర్ జూన్‌లో కొనవలసిన సరుకు కొనకుండా, జులైలో వానలు పడి ధర దిగుతుందని కాచుకుని కూర్చున్నాడు. వాన పడలేదు. ధర దిగలేదు. ఒక మంగళవారం నా మార్కులు విని ఆయన గడ్డం నిమరడం మానేసి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఇంకో రెండు వారాలు చూస్తాను. వాన పడకపోతే ఈ ధరకు దాణా ఆడించలేం. రెండో షిఫ్ట్ ఖలాస్. అందరికీ ఇంటికి టికెట్లు కొట్టించు" అన్నాడు. చెప్పి, ఏసీ ఇంకొంచెం పెంచమని ఆఫీసు బాయ్‌ను కేకేశాడు.

రెండో షిఫ్ట్ అంటే దాదాపు అంతా మనవాళ్ళే. జగిత్యాల, కోరుట్ల, ఆర్మూరు వైపు ఊళ్ళ మనుషులు. మిల్లు వెనకే క్యాంపు. నాకు ఆఫీసు వాడినని పై అంతస్తులో గది ఇచ్చారు గానీ, కింద వాళ్ళ వంటింట్లో పప్పుచారు వాసన వస్తే నా హోదా మెట్లు దిగి వచ్చేసేది. వాళ్ళందరికీ పెద్ద మా బోర్ల కాక. ఊళ్ళో ఉన్నప్పుడు బోరు మీద బోరు వేయించి, అన్నీ ఎండగొట్టుకుని, చివరికి దుబాయ్ ఎక్కిన మనిషి కాబట్టి ఆ పేరు. యాభై దాటాడు. ఆ వయసులో ఒకసారి వీసా క్యాన్సిల్ అయితే మళ్ళీ పిలిచేవాడు ఉండడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆ రోజు ముదీర్ మాట నేను మోసుకెళ్ళి చెప్పేసరికి ఆయన రొట్టెల పిండి పిసుకుతున్నాడు. పిసకడం ఆపలేదు.

"ఆడ వాన వడకపోతె మనల్ని ఎల్లగొడుతరా?" అన్నాడు.

"అంతే కాకా."

"వానతోని పనిలేని దేశమని వచ్చిన కొడుకా నేను. మొగులు దిక్కు సూసి సూసి మెడ వట్టింది. గీడికొచ్చినంక గూడ మొగులు దిక్కే సూడాల్నా? అది గూడ కండ్లకు కనవడని మొగులు!"

ఆ కనపడని మబ్బును చూపిస్తానని ఫోనులో మ్యాపు తీసి, ఎర్రగా ఉన్నచోట ఎండ, పచ్చగా ఉన్నచోట వాన అని వాళ్ళకు పాఠం చెప్పాను. అంతే, ఆ రోజు నుంచి నా పని రెండింతలైంది. షిఫ్టు దిగగానే గుమిగూడేవాళ్ళు. "పట్వారీ, అయోవాల మబ్బు వట్టిందా?" అని ఒకడు. "నెబ్రాస్కాల ఎండ ఇంక అట్లనే ఉందా?" అని ఇంకొకడు. ఊరి భూముల లెక్కలు రాసే కరణం లాగా, నా పేరు అమెరికా పట్వారీ అయిపోయింది. పక్క మండలంలో కూడా ఎన్ని ఊళ్ళున్నాయో తెలియని మనుషులు ఇల్లినాయిస్‌లో ఉత్తరం వైపు పడిందా దక్షిణం వైపు పడిందా అని నిలదీసేవాళ్ళు. పడలేదని చెప్పినప్పుడు నా వైపు చూసే చూపులో, పట్వారీ ఏదో తిన్నాడన్న పాత అనుమానం కూడా ఉండేది.

చివరికి ఉపాయం చెప్పింది బోర్ల కాకే. "పాశం వోద్దాం" అన్నాడు. వానలు పట్టకపోతే మావైపు ఊళ్ళలో వరద పాశం పోస్తారు. బెల్లం పరమాన్నం వండి, కడిగిన బండ మీద పోసి, అందరూ చేతులు వీపు వెనక కట్టుకుని, మోకాళ్ళ మీద వంగి దాన్ని నాలుకతో నాకుతారు. ఆ దైన్యం చూసి వానదేవుడికి జాలి కలగాలి. బీకాం చదివిన నేను నవ్వాలి కదా. నవ్వలేదు. పైగా బఖాలాకు, అంటే కిరాణా కొట్టుకు, పోయి బెల్లం కొనుక్కొచ్చింది నేనే. అంతకు ముందురోజు ముదీర్ ఎవరెవరికి టికెట్లు కొట్టాలో పేర్లు అడిగాడు. అందులో మొదటి పేరు కాకదేనని నాకు తెలుసు.

ఆదివారం సెలవు. క్యాంపు వెనక, ఎవరో వంటిల్లు మార్చి పారేసిన నల్ల గ్రానైటు పలక దొరికింది. దాన్ని రుద్ది రుద్ది కడిగి, ఖాళీ స్థలంలో పరిచారు. నీడలో పెడదామని నేనన్నాను. "నీడల వెట్టి నాకితె దేవునికి ఎట్ల కనవడ్తదిరా?" అని కాక కసిరాడు. ఏ దిక్కుకు తిరగాలన్నది ఇంకో తగువు. అమెరికా పడమర అని ఒకడు, కాదు, విమానాలు పైకి ఎగిరి ఉత్తరం నుంచి పోతాయని ఇంకొకడు. నేను ఫోనులో దిక్సూచి తీసి, భూమి గుండ్రంగా ఉండడం వల్ల దగ్గరి దారి వాయవ్యం అని తీర్పు చెప్పాను. అందరూ నమ్మారు. పరమాన్నం చల్లారబెట్టాం గానీ, మిట్టమధ్యాహ్నం దాకా ఎండ తాగిన గ్రానైటు సంగతి ఒక్కరికీ తట్టలేదు. మా ఊళ్ళలో ఈ పని పొద్దు వాలాక చేస్తారు. మాకు సాయంత్రం బజారుకు పోయే బస్సు తొందర.

"పట్వారీ ముందుగాల నాకాలె. లెక్కలు సూసేది ఆయననే" అన్నాడు కాక. చేతులు వెనక్కి కట్టుకుని, వాయవ్యానికి తిరిగి, భక్తిగా వంగి, నాలుక ఆనించాను.

నాలుక చుర్రుమంది. కేక పెట్టబోయాను. కానీ నేను వంగగానే నా పక్కన బోర్ల కాక, ఆ పక్కన మిగతా వాళ్ళు, అందరూ ఒకేసారి వంగి ఉన్నారు, అందరి నాలుకలూ ఒకేసారి కాలాయి, ఒక్కడూ తల ఎత్తలేదు. ముందు ఎత్తినవాడి వల్ల వాన ఆగిపోతుందేమోనని భయం. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, ముక్కులకు బెల్లం అంటుకుంది, ఆపకుండా నాకుతున్నాం. సరిగ్గా అప్పుడు క్యాంపు బాస్ వచ్చాడు. పది పన్నెండు మంది మగవాళ్ళు చేతులు వెనక్కి విరుచుకుని ఎర్రటెండలో నేల మీదికి వంగి ఏడుస్తుంటే, ఆయన ఏమనుకున్నాడో గానీ, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"క్యా హో రహా హై ఇధర్?" అని అరిచాడు.

కాక లేచి, మూతి తుడుచుకుని, వాన కోసమని తన హిందీలో, "బారిష్ కే లియే, సాబ్" అన్నాడు.

క్యాంపు బాస్ తల ఎత్తి ఆకాశం చూశాడు. కాకి కూడా ఎగరని దుబాయ్ ఆకాశం. "ఇధర్ బారిష్?"

"ఇధర్ నహీ సాబ్. అమెరికా మే."

ఆయన మా అందరినీ ఒక్కొక్కరినే చూసి వెళ్ళిపోయాడు. సాయంత్రం మా గదులకు చల్లటి నీళ్ళ సీసాల పెట్టెలు రెండు పంపించాడు. ఎండ దెబ్బ తగిలి మతి పోయిందనుకున్నాడట.

మంగళవారం నాలుక వాచిపోయి ఉంది. మార్కులు చదవబోతే మాట పెగలదు. ముదీర్ అడుగుతున్నాడు, నేను నోరు తెరిచి మూస్తున్నాను. చివరికి రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు ఆడిస్తూ కిందికి దించి, వాన అభినయం పట్టాను. ఎందుకంటే ఆ పొద్దున మ్యాపులో, అయోవా మీద, నిజంగానే పచ్చటి మరకలు మొదలయ్యాయి.

పడింది. ఆ వారమంతా పడింది, పై వారం పడింది. అయోవాలో పడింది, ఇల్లినాయిస్‌లో పడింది. మార్కులు మెరుగయ్యాయి, ధర జారింది, ముదీర్ ఓడకు ఓడ కొనేశాడు. కింద వంటింట్లో పండగ. కాక నా బుగ్గ గిల్లి, "సూసినవా, మన నాలికెకు ఎంత బలమున్నదో!" అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూడడం అదే మొదలు. ఆయన బోర్లలో పడని నీళ్ళు అమెరికాలో పడినందుకు, ఆ మనిషి పసిపిల్లాడిలా అందరికీ చాయ్ పోసి ఇచ్చాడు. నేనైతే మేఘాల్ని నడిపించినవాడిలా తిరిగాను.

నెల తిరక్కుండా నోటీసు పడింది. రెండో షిఫ్ట్ బంద్.

ఏదో పొరపాటనుకుని ముదీర్ గదిలోకి తలుపు కొట్టకుండానే వెళ్ళాను. "మొక్కజొన్న చౌకైంది కదా సర్!" అన్నాను. ఆయన కోపగించుకోలేదు, అదే నాకు ఎక్కువ మండింది. ఓపిగ్గా చెప్పాడు. "మనకొక్కరికే చౌకైందా? అందరికీ చౌకైంది. బయటి నుంచి తయారు దాణా బస్తాలు మనం ఆడించే దానికన్నా తక్కువకు వస్తున్నాయి. కొన్న ఓడ సరుకు ఆడించడానికి ఒక షిఫ్ట్ చాలు, మిగతాదానికి ఓనరు అవే తెప్పించమన్నాడు. ధర ఎక్కువైతే మిల్లు నడపలేం, తక్కువైతే నడపక్కర్లేదు. యల్లా, పని చూసుకో." నన్ను మాత్రం ఉంచారు. బస్తాలు కొనడానికైనా ఒకడు కావాలి కదా.

కాకకు ఈ సంగతి నేనే చెప్పాను. ఆయన మంచం కింది నుంచి పెట్టె బయటికి లాగాడు. తర్వాత, "ఎండినా పోయెటోన్నే, వడ్డా పోయెటోన్నే. మరి నాలికెందుకు కాల్చుకున్నంరా?" అన్నాడు. గదిలో ఒకడు నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం, నాకు ఆ నవ్వులో ఏడుపొచ్చింది. కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. వాన మీదా? ముదీర్ మీదా? ఎక్కడో అయోవాలో, పంట బాగా పండి ధర పడిపోయి తల పట్టుకుని కూర్చున్న రైతు మీదా? కాక పెట్టె సర్దుకుంటూ ఆ రైతు గురించే అడిగాడు. "ఆనికన్న ఏమన్న మిగిలిందా?" అని. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. నేను చదివే మార్కుల్లో రైతుకు మార్కులుండవు.

ఇప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. టైల్స్ అమ్ముతాను. టైల్స్‌కు వానతో పనిలేదు. కాక ఊళ్ళో మళ్ళీ మక్క వేస్తున్నాడు. మొన్న జులైలో ఫోన్ చేశాడు. ఊళ్ళో మబ్బు జాడ లేదట, చేను వాడిపోతోందట. అలవాటు చావక నేను అమెరికా మ్యాపు తెరిచి చూశాను. అయోవా నిండా పచ్చదనమే. ఆ మాటే చెప్పాను.

"గదే అనుకున్న" అన్నాడు. "ఇయ్యాల ఊర్ల పాశం వోస్తున్నరు. నన్ను గూడ రమ్మన్నరు. నేను వోలే."

"ఎందుకు పోలేదు కాకా?"

"నేను నాకితె వాన మల్ల అమెరికకే వోతదిరా."

నేను పకపకా నవ్వాను. అటువైపు నవ్వు లేదు. ఇరవై మూడేళ్ళ ఆ అమెరికా పట్వారీ అయితే మేఘాలు ఎటు నుంచి ఎటు పోతాయో వెంటనే ఒక పాఠం చెప్పేసేవాడే. వాడి తెలివికి ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

"పో కాకా" అన్నాను. "పోయి పాశం నాకు. ఈసారి ఊరి పేరు గట్టిగ జెప్పి మరీ నాకు."

ఆ మాట వేళాకోళానికి అనలేదని ఫోన్ పెట్టేశాక గానీ నాకే తెలియలేదు.